తేమ వేరు, తడి వేరు: పాము పెట్టె నేర్పిన పాఠం

మిర్యాలగూడ వైపు రైతుకు 'తేమ శాతం' అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్ప ముందు నిలబడి, మిషను 17 చూపిస్తుందా 18 చూపిస్తుందా అని ఊపిరి బిగబట్టి చూసే మనిషికి ఆ అంకె విలువ బాగా తెలుసు. 17 దాటిందంటే కుప్పను మళ్ళీ ఎండకు పరవాల్సిందే. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్ళు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద వరి పెరిగింది, రైసు మిల్లులు పెరిగాయి, వాటితోపాటు ఈ తేమ శాతం అనే మాట కూడా ఇంటింటి మాట అయింది.

అయితే నేను ఈ వ్యాసంలో చెప్పదలచింది గింజలోని తేమ గురించి కాదు, గాలిలోని తేమ గురించి. అందులోనూ ఒక పాము పెట్టెలోని గాలి గురించి. సంచిక సంపాదకవర్గంలోని విద్యార్థి మిత్రులు, "సార్, సైన్సు వ్యాసమే రాయండి, కాని క్లాసులో పాఠంలెక్క ఉండొద్దు" అని ముందే షరతు పెట్టారు. కనుక జరిగిన సంగతితోనే మొదలుపెడతాను.

కోదాడ నుంచి ఫోను

ఒక మే నెలలో, మధ్యాహ్నం ఎండ మండిపోతున్న వేళ, నా దగ్గర జువాలజీ చదువుకున్న పూర్వ విద్యార్థి ఒకడు కోదాడ నుంచి ఫోను చేశాడు.

"సార్, మా పాము కండ్లు తెల్లగైనయ్. తిండి ముడుతలేదు. తోలు ముక్కలు ముక్కలుగ ఊడుతున్నది."

"ఏం పాము రా? ఎక్కడిది?"

"బాల్ పైథాన్ సార్. హైదరాబాదుల ఒకాయన దగ్గర తీసుకున్న. కాగితాలన్నీ ఉన్నయి."

కాగితాలున్నాయని విన్న తరువాతనే నేను మిగతా సంగతి విన్నాను. దీనికి కారణం ఉంది. మన పొలాల్లో తిరిగే నాగుపామును గాని, జెర్రిపోతును గాని, కొండచిలువను గాని పట్టి ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్ మన దేశపు పాము కాదు. అది పశ్చిమ, మధ్య ఆఫ్రికా ప్రాంతాలది. కొండచిలువల జాతిలో చిన్నది, సాధారణంగా నాలుగైదు అడుగులకు మించదు, విషం లేదు. అంతర్జాతీయ వ్యాపార ఒప్పందపు జాబితాలో ఉన్న ఇటువంటి విదేశీ జంతువులను ఉంచుకున్నవారు ప్రభుత్వం వద్ద నమోదు చేసుకోవాలని 2022లో చట్టాన్ని సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నమోదు నియమాలు 2024లో వెలువడ్డాయి. కాగితాలు లేని పాము గురించి సలహా చెప్పడమంటే తప్పులో పాలు పంచుకోవడమే అని నా అభిప్రాయం.

మర్నాడు ఉదయం సూర్యాపేటలో బస్సెక్కి కోదాడలో దిగాను. కుర్రవాడు పామును ప్రేమగానే చూసుకుంటున్నాడు. పెద్ద అద్దాల పెట్టె, పైన ఇనుప జాలీ మూత, జాలీ మీద వేడినిచ్చే బల్బు, అడుగున మడతలు పెట్టిన న్యూస్‌పేపరు, ఒక మూల నీళ్ళ గిన్నె, గోడకు అతికించిన చిన్న తేమ మీటరు. గదిలో ఏ.సి. నడుస్తున్నది. పక్కనే నీళ్ళు చిమ్మే సీసా. పొడిగా ఉందనుకుని రోజుకు ఆరేడుసార్లు చిమ్ముతున్నాడట.

పామును చేతిలోకి తీసుకున్నాను. వీపు మీద పాత చర్మం ఎండిన ఉల్లిపొరలాగా పెచ్చులు పెచ్చులుగా అంటుకుని ఉంది. రెండు కళ్ళ మీద మసక. తోక చివర పాత పొర ఉంగరంలాగా బిగుసుకుని ఉంది. తిప్పి చూస్తే పొట్ట కింది పొలుసులు అక్కడక్కడ ఎర్రబారి, ఒకటి రెండు చోట్ల నీటి పొక్కులు.

అంటే ఒకే పెట్టెలో, ఒకే పాముకు, పైనేమో కరువు, కిందేమో వరద!

"మీటరు 60 చూపిస్తున్నది కద సార్?" అన్నాడు అమాయకంగా. నిజమే. నీళ్ళు చిమ్మిన వెంటనే 60 చూపిస్తుంది. అరగంట ఆగి చూడమన్నాను. చూస్తుండగానే అది 30కి దిగిపోయింది. కాని కింద పేపరు మాత్రం ఇంకా తడిగానే ఉంది. తేమ పోయింది, తడి మిగిలింది. ఈ వ్యాసం మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది.

రంజన్ చెప్పే సైన్సు

గాలి కొంత నీటి ఆవిరిని మోయగలదు. ఎంత మోయగలదన్నది దాని వేడిమీద ఆధారపడుతుంది. ఒక ఘనమీటరు గాలి 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 17 గ్రాముల ఆవిరిని, 30 డిగ్రీల వద్ద సుమారు 30 గ్రాములను, 40 డిగ్రీల వద్ద సుమారు 51 గ్రాములను మోయగలదు. మోయగలిగినదాంట్లో ఇప్పుడు ఎంత వంతు మోస్తున్నది అనేదే మీటరు చూపే శాతం. దీన్నే సాపేక్ష ఆర్ద్రత అంటారు.

దీన్నిబట్టి ఒక విచిత్రం జరుగుతుంది. 30 డిగ్రీల గాలిలో 15 గ్రాముల ఆవిరి ఉంటే అది 50 శాతం. ఒక్క చుక్క నీరు తీసివేయకుండా, అదే గాలిని 40 డిగ్రీలకు వేడి చేస్తే అది 30 శాతానికి పడిపోతుంది. మన కుర్రవాడి పెట్టె మీది బల్బు చేస్తున్న పని సరిగ్గా ఇదే. పైగా వేడెక్కిన గాలి జాలీలోంచి పైకి పోతుంది. దాని స్థానంలోకి ఏ.సి. గదిలోని పొడిగాలి వస్తుంది. ఏ.సి. గాలిలోని నీటిని పిండి బయటి గొట్టంలోంచి చుక్కలు చుక్కలుగా కారుస్తుందని మనందరికీ తెలుసు కదా.

ఇదంతా మన ఇళ్ళలో రోజూ చూసేదే. సూర్యాపేటలో మే నెల వచ్చిందంటే ఇంటింటికీ రంజన్ కావాలి, కూలర్ కావాలి. రంజన్ మట్టి గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాక్కుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీళ్ళు అంత చల్లగా ఉంటాయి. అదే రంజన్ శ్రావణంలో ఎందుకూ పనికిరాదు. కూలర్ కూడా జూలైలో చల్లదనం ఇవ్వకపోగా ఒళ్ళంతా జిడ్డు చేస్తుంది. గాలి అప్పటికే నీటితో నిండి ఉండటమే కారణం.

ప్రయోగశాలలో తడి, పొడి బల్బుల థర్మామీటరు పనిచేసేది ఈ సూత్రం మీదనే. ఉదాహరణకు పొడి బల్బు 40 డిగ్రీలు, తడి గుడ్డ చుట్టిన బల్బు 24 డిగ్రీలు చూపితే గాలిలో తేమ సుమారు 26 శాతం. అదే పొడి బల్బు 30, తడి బల్బు 27 చూపితే సుమారు 79 శాతం. మొదటిది మన వేసవి, రెండవది మన వానాకాలం అనుకోవచ్చు. ఒకే ఊరిలో, ఒకే గదిలో, రెండు నెలల తేడాలో పాము పెట్టె చుట్టూ ఇంత మార్పు వస్తుంది. కనుక ఏడాది పొడవునా 'రోజుకు ఇన్నిసార్లు నీళ్ళు చిమ్మాలి' అనే సూత్రం మన ప్రాంతంలో చెల్లదు.

పుట్టలో ఉన్న రహస్యం

మరి ఆఫ్రికాలో ఎవరు చిమ్ముతున్నారు నీళ్ళు? అక్కడా ఎండాకాలం ఉంది. అక్కడా గడ్డి మైదానాలు ఎండిపోతాయి. ఆ పాము పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పడుకుంటుంది. రాత్రి చల్లబడ్డాక బయటికి వస్తుంది. మన నాగుపాము కూడా చేసేది ఇంతే. పుట్ట పెట్టేది చెదలు, అందులో కాపురం చేసేది పాము అన్న సంగతి మనవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. ఎందుకు చేస్తుందో మాత్రం ఎవరూ అడగలేదు. ఎండ మండే రోజున కూడా పుట్ట లోపలి మట్టి చల్లగా ఉంటుంది, గాలి కదలదు, తేమ నిలుస్తుంది. నేల పైన 25 శాతం ఉన్న రోజున కూడా పాము ఒళ్ళు తగిలే చోట గాలి తేమతో నిండి ఉంటుంది. అయినా అక్కడ నీళ్ళు నిలవవు.

పాము చర్మంలో కొవ్వు పదార్థాలతో కూడిన సన్నని పొర ఉంటుంది. ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా కాపాడేది అదే. అయినప్పటికీ చర్మం ద్వారా, శ్వాస ద్వారా కొంత నీరు పోతూనే ఉంటుంది. ఎండు గాలిలో ఆ నష్టం పెరుగుతుంది. దాని ఫలితం మొట్టమొదట బయటపడేది కుబుసం విడిచేటప్పుడు.

కుబుసం ఒక సర్టిఫికెట్

కుబుసం విడిచే ముందు పాత పొర కింద కొత్త పొర తయారవుతుంది. రెండింటి మధ్య ఒక ద్రవం చేరుతుంది. అప్పుడే కళ్ళు పాలనీలంగా మసకబారుతాయి. పాముకు రెప్పలు లేవు. కంటి మీద అద్దంలాంటి పారదర్శకమైన పొలుసు ఉంటుంది. అది కూడా కుబుసంతో పాటే ఊడాలి. కొద్ది రోజులకు కళ్ళు మళ్ళీ తేటపడతాయి. ఆ తరువాత పాము ముక్కును రాతికో కట్టెకో రాసి, పెదవుల దగ్గర పొరను విడదీసి, మేజోడు తిరగేసినట్టుగా మొత్తం ఒకే తొడుగుగా విడిచిపెడుతుంది.

గాలి మరీ పొడిగా ఉంటే రెండు పొరల మధ్య జారుడుతనం తగ్గి, పాతది కొత్తదానికి అంటుకుపోతుంది. వీపు మీద అంటుకుంటే నష్టం తక్కువ. తోక చివర బిగుసుకుంటే రక్తప్రసరణ ఆగి ఆ కొన ఎండి రాలిపోవచ్చు. కంటి మీద మిగిలితే చూపు మసకబారుతుంది, మళ్ళీ మళ్ళీ మిగిలితే కన్నే పాడవుతుంది. దీనికి విరుగుడు అనుకుని పెట్టె అంతా తడిపి ఉంచితే పొట్ట పొలుసులు నాని, పొక్కులు లేచి, సూక్ష్మజీవులు చేరి పుండ్లు పడతాయి. గాలి ఆడని తడిలో బూజు పడుతుంది, శ్వాసకోశ జబ్బులు వస్తాయి.

కనుక పాము ఆరోగ్యానికి సర్టిఫికెట్ కావాలంటే కుబుసాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. ముక్కు నుంచి తోక కొన వరకు ఒకే తొడుగుగా ఉందా? తల భాగంలో రెండు గుండ్రని కంటి అద్దాలు కనబడుతున్నాయా? రెండూ ఉంటే పెట్టె సరిగా ఉన్నట్టే. మీటరు అబద్ధం చెప్పవచ్చు గాని కుబుసం చెప్పదు.

నేను చేసిన తప్పు

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో ల్యాబు వెనుక కాలువలో ఒక నీరుకట్టె పాము దొరికింది. దాన్ని తెచ్చి ఖాళీ అద్దాల తొట్టిలో, కిటికీ పక్కన, కాస్త ఇసుక పోసి పెట్టాను. నీటి పామును ఇసుకలో! వారం తిరగకుండానే కుబుసం కంటి మీద అంటుకుపోయింది. సాయం చేస్తున్నాననుకుని చిమ్టాతో లాగాను. పాత పొరతో పాటు కొత్త పొర కూడా చిరిగింది. కన్ను పోయింది. నాలుగైదు రోజులకు పాము పోయింది. చట్టం సంగతి అప్పుడు నాకు తెలియదు. తెలియకపోవడం సాకు కాదని ఇప్పుడు తెలుసు. దాన్ని దొరికిన కాలువలోనే వదిలి ఉంటే బతికేది.

కోదాడలో ఆ కుర్రవాడు చిమ్టా పట్టుకుని నా ముందు నిలబడినప్పుడు నాకు ఆ పామే కళ్ళ ముందు మెదిలింది. "అది పక్కన పెట్టు. కంటిని మాత్రం ముట్టుకోవద్దు" అన్నాను.

మేము చేసిన మరమ్మతు

చేసిన పని చాలా సాదా పని. ఎవరైనా చేయగలరు కనుక వరుసగా రాస్తున్నాను.

మొదట మీటరును పరీక్షించాము. ఒక చిన్న మూతలో ఉప్పు పోసి, తడి ముద్ద అయ్యేటంత మాత్రమే నీరు కలిపి, దాన్నీ మీటరునూ కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా ఉంచాము. తడి ఉప్పు పైన ఉన్న గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. ఇది కెమిస్ట్రీ విద్యార్థులకు తెలిసిన సంగతే. మీటరు 69 చూపింది. అంటే 6 తక్కువ చూపుతున్నది. ఆ లెక్క మూత మీదనే రాసిపెట్టుకున్నాము.

రెండవది, జాలీ మూతలో మూడు వంతులు మూసి, ఒక వంతు మాత్రం గాలికి వదిలాము. మొత్తం మూయకూడదు. నీళ్ళ గిన్నెను వేడి ఉన్న వైపుకు కొద్దిగా జరిపాము. దానంతట అదే మెల్లగా ఆవిరవుతుంది.

మూడవది, ఒక చిన్న మట్టి ముంత తెచ్చి, పక్కన పాము దూరేటంత కంత చేసి, అంచులు రాకి నునుపు చేసి బోర్లించాము. లోపల తడిపి గట్టిగా పిండిన కొబ్బరి పొట్టు. చేత్తో పిండితే చుక్క కారకూడదు, వదిలితే ముద్ద విడిపోకూడదు. అంతే తడి. దీన్ని చల్లని మూలన పెట్టకూడదు. రంజన్ సూత్రమే ఇక్కడ కూడా పనిచేసి తడి ముంత లోపల చల్లబడిపోతుంది. కనుక నడుమ, వేడి వైపుకు దగ్గరగా పెట్టాము. పెట్టెలో మిగతా నేల అంతా పొడి పేపరే. పొట్ట పుండ్లు మానాలంటే పొడి నేల తప్పదు.

నాలుగవది, ఒక వైపు 31, 32 డిగ్రీలు, రెండవ వైపు 26 డిగ్రీల చుట్టూ ఉండేట్టు బల్బును సర్దాము. పెట్టె మొత్తం మీద తేమ 50, 60 శాతం మధ్య, ముంతలో అంతకంటె బాగా ఎక్కువ. ఇక ఎక్కడ ఉండాలో పామే చూసుకుంటుంది. వేడి కావాలంటే అటు, చల్లదనం కావాలంటే ఇటు, కుబుసం వేళకు ముంతలోకి. మనం పెట్టెకు ఒకే అంకె ఇచ్చి కూర్చుంటే పాముకు ఆ ఎంపిక లేకుండా పోతుంది.

వీపు మీది పెచ్చులకు గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డలో పామును కాసేపు పాకనిచ్చాము. చాలా వరకు వాటంతటవే రాలిపోయాయి. తోక ఉంగరం కూడా నాని వదిలింది. పొట్ట పొక్కులను పశువుల డాక్టరుకు చూపి మందు వేయించాము. కంటి పొరలను మాత్రం వదిలేశాము.

ఆ తరువాత కొన్ని వారాలకు ఒక పొద్దున ఫోటో ఒకటి పంపాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకున్న నిండు కుబుసం. తల దగ్గర ఒక్కో కన్నుకు ఒకటికి బదులు రెండేసి పొరలు అంటుకుని ఉన్నాయి. పాతవీ కొత్తవీ కలిసే ఊడాయన్నమాట. కింద ఒకే మాట: "తింటున్నది సార్."

ఈ ముంత మా ఇద్దరి కల్పన అనుకునేరు. తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుల జాతివారి సహకార సంఘంవారు విషం తీయడానికి తెచ్చిన పాములను ఇసుక పోసిన మట్టి కుండల్లో, పైన గుడ్డ కట్టి ఉంచుతారు. నియమిత కాలం తరువాత వాటిని తిరిగి అడవిలో వదులుతారు. మట్టి, నీడ, గాలి ఆడే మూత. పుట్టకు దగ్గరి చుట్టం కుండే.

చివరగా రెండు మనవులు

ఈ వ్యాసం చదివి ఎవరూ పాము కొనాలని ఉబలాటపడకూడదని నా మొదటి మనవి. అంతదూరం నుంచి వచ్చిన జీవికి మన మే నెలనూ మన జూలైనూ విడివిడిగా కాచి చూపించాలి. అది ఏళ్ళ తరబడి చాకిరి. 'రెండు తలల పాము' ఇంట్లో ఉంటే లక్షలు వస్తాయని నమ్మి పూడుపాములను పట్టి అమ్మేవారి మాటలు అసలే నమ్మకండి. అది మూఢనమ్మకమూ, నేరమూ కూడా.

రెండవది, మన పాముల సంగతి. నాగుల చవితికీ, నాగుల పంచమికీ బుట్టలో తెచ్చిన పాము గిన్నెలోని పాలు తాగితే మనం చేతులు జోడిస్తాము. పాము పాలు తాగే జీవి కాదు. రోజుల తరబడి నీరు లేకుండా ఎండు బుట్టలో ఉంచిన పాము దాహానికి దొరికిన ఏ ద్రవమైనా తాగుతుంది. మనం భక్తి అనుకున్నది దాని దాహం. అలాగే మిర్యాలగూడ, కోదాడ పొలాల్లో నాట్ల రోజుల్లో పాము ఇంట్లోకి వస్తే దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఎండలో పెట్టకండి, గంటలో చస్తుంది. మీరు పట్టబోకండి కూడా. దూరంగా నిలబడి అటవీశాఖవారికి గాని, 1995 నుంచి పనిచేస్తున్న హైదరాబాదు ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి వారికి గాని కబురు చేయండి. వడ్లు తినే ఎలుకలను తినేది ఆ పామేనని మిల్లు వాకిట్లో నిలబడ్డ రైతుకు నేను చెప్పనక్కరలేదు.

కుర్రవాడు ఇప్పుడు కూడా అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. మొన్న ఆషాఢంలో, "సార్, నీళ్ళు ఎన్నిసార్లు చిమ్మాలె?" అని అడిగాడు.

"మీ ఇంట్ల రంజన్ నీళ్ళు చల్లగ ఉన్నయా?" అన్నాను.

"లేవు సార్."

"అయితే చిమ్మకు."